ఎర్తు

కాశీనగర్ దాటలేదు.
వంశధార గట్టు మీద టీ కోసం ఆపిన మారుతి
మళ్ళీ తాళం తిప్పితే 'టిక్' అంది.
అంతే. మాట కాదు,
మాటకు ముందు గొంతు సవరింపు.

వెనక సీట్లో ఐసు పెట్టె,
అందులో పారుడు రోగానికి టీకా, నాలుగొందల మోతాదులు.
గుమ్మ అవతల కొండ మీద, సవర గూడెంలో
దొడ్లు తెరవకుండా నా కోసం ఆపిన మేకలు.
ఐసుకు ఇవేవీ తెలీవు. కరుగుతుంది.

రైసుమిల్లు గోడకు ఆనుకుని రేకుల షెడ్డు,
బోర్డు సగం ఒడియా, సగం తెలుగు,
రెండు లిపుల్లోనూ ఒకటే అక్షరం తప్పు.
దండాసి మేస్త్రీ వచ్చాడు.
బానెట్ ఎత్తలేదు, నన్ను అడిగాడు:
"నిన్న ఏటి సేసినారు దీనికి?"
మేత మానేసిన మేకను తెచ్చినవాళ్ళని
నేనడిగే మొదటి ప్రశ్నే.
"నిన్నేం లేదు. మొన్న వానలో గెడ్డ దాటింది."
"ఊఁ."

హారన్ కొట్టమన్నాడు. మోగింది.
లైట్లు వెయ్యమన్నాడు. వెలిగాయి.
వెలుగుతుండగానే తాళం తిప్పమన్నాడు.
టిక్.
లైటు మిణకను కూడా మిణకలేదు.
"బేటరీయేనా?" అన్నాను.
ఇంట్లో ఏది కనబడకపోయినా
పనిమనిషి మొహం వైపు చూసినట్టు.
మీటరు పెట్టి చూపించాడు: పన్నెండు పాయింటు ఆరు.
టెర్మినళ్ళ మీద పూసిన ఉప్పుని
నేను వదిలేసిన టీతో కడిగాడు.
టిక్.

శిష్యుడు సుశాంతో స్పానర్ తీసుకుని
స్టార్టర్ మోటారుకి రెండు తగిలించాడు, ఆనవాయితీగా.
టిక్.
మేస్త్రీ వాణ్ణి ఒడియాలో తిట్టి, నాకు తెలుగులో చెప్పాడు:
"అది నిజిమే సెప్తంది. ఈడికే ఇనబడ్డం నేదు."

ఆయనకే ఎడమ చెవి వినబడదట. టీ కొట్టువాడు చెప్పాడు.
అందుకేనేమో చేత్తో వింటాడు.
నన్ను తాళం తిప్పుతూ ఉండమని
ఒక్కొక్క తీగనే తడుముకుంటూ వచ్చి
ఒకచోట చెయ్యి చటుక్కున వెనక్కి తీశాడు.
"ఇలగ పట్టుకోండమ్మా."
ఆక్సిలరేటర్ కేబులు.
అప్పుడే పోసిన టీ గ్లాసంత వేడి.
కాలితో తొక్కే తీగకి జ్వరమేమిటి?

"కరెంటు ఎల్తంది. ఎల్లింది తిరిగి రావాల గదా.
వచ్చే దారి తెగిపోతే
దొరికిన సందులోంచి తోసుకొస్తాది.
ఈ సన్నదాని నెత్తిన పడింది, పాపం."

వెల్లకిలా పడుకుని లోపలికి దూరాడు.
ఇంజనుకీ బాడీకీ మధ్య జడలా అల్లిన రాగి పట్టీ,
పచ్చగా కుళ్ళి, మూడు పోగుల మీద వేలాడుతోంది.
ఎర్తు.
ఏడేళ్ళుగా నడుపుతున్నాను,
అలాంటిదొకటుందని తెలీదు.

బేటరీ నుంచి ఇంజను ఒంటికి ఒక లావుపాటి వైరు ఆనించాడు.
"ఇప్పుడు తిప్పండి."
ఒక్క తిప్పుకే పలికింది.
అలాగే పోదామనిపించింది నాకు,
ఒక చెయ్యి గేరు మీద కూడా వేశాను.
వైరు పీకేశాడు.
"ఇది వైద్దిం కాదమ్మా. తెలుసుకోడం."

తర్వాత గంట.
చచ్చిన అంబాసిడర్ లోంచి కోసిన పట్టీ,
హాక్సా బ్లేడుతో రంగంతా గీకి
ఇనుము తెల్లగా నవ్విందాకా గీకి,
బోల్టు బిగించి, పైన గ్రీజు.
ఈలోగా సుశాంతో చేపల బజారుకి పరిగెత్తి
గోనెసంచిలో ఐసు తెచ్చాడు, చెప్పకుండానే.

పట్టీకి ఎనభై, బోల్టుకి పది.
"మరి తెలుసుకున్నదానికి?"
గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.
"మా ఇంటికాడ ఓ మేక దగ్గుతంది.
మల్లొచ్చినప్పుడు సూసెల్లండి."

పైన గూడెంలో పెట్టె తెరిస్తే
కొర్రమీను వాసనకు మేకలు మొహాలు తిప్పుకున్నాయి.
సగం అప్పటికే కొండెక్కేశాయి.
నూట తొంభై ఆరింటికి పొడిచి
మిగతావి రేపన్నాను. గొమాంగో ముసలమ్మ
రేపు అన్న మాట నమ్మనట్టు చూసింది.

చీకటిపడ్డాక షెడ్డు ముందు ఆపాను,
స్టెతస్కోపు మెళ్ళో వేసుకుని దిగాను.
ఇంజను మాత్రం
ఆపలేదు.